"జీనీ, మేక్ ఎ విష్": ఇంతమంది పేర్లు చూసి కూర్చుంటే మిగిలింది ఇదేనా?

లబ్బీపేట_లాంతరు
ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు ముగిసిన మరునాడు, అంటే 2025 అక్టోబరు 3న, నెట్‌ఫ్లిక్స్‌లో 13 భాగాలూ ఒకేసారి వచ్చిన ఈ కొరియా ధారావాహికను మా ఇంట్లో అందరం కలిసి చివరిదాకా చూశాం. రచన కిమ్ యున్‌సుక్‌ది. నాయికా నాయకులు సుజీ, కిమ్ వూబిన్. 2016లో ఒక విషాద ప్రేమకథలో కలిసి నటించి మా అక్కచెల్లెళ్లందరి చేతా కన్నీరు పెట్టించిన జంట ఇది. వెయ్యేళ్ల నిద్ర తరువాత దీపంలో నుంచి బయటపడిన జీనీ, మనసులో ఏ భావమూ పుట్టని యువతి, మూడు కోరికలు. ఇంత మంచి సరుకు చేతిలో ఉండగా, నవ్వించవలసిన చోట విసిగించి, గుండె పట్టేయవలసిన చోట "ఇదేమిటి?" అని తెల్లబోయేలా చేశారన్నది నా ఫిర్యాదు. లోపం ఎక్కడుందని మీరు అనుకుంటున్నారు? ముగింపు గురించి కూడా మాట్లాడుకుంటాం కనుక, ఇంకా చూడనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

బ్రాడీపేట_అడ్డరోడ్డు
నేను మధ్యలోనే ఆపేశాను కనుక ముగింపు తెలిసిపోతుందన్న భయం నాకు లేదు. నిస్సంకోచంగా చెప్పండి.

పానకాల_మిరియం
మహిమకు కట్టుబాటు లేకపోవడమే లోపం. మాది మంగళగిరి; ప్రహ్లాదుని కథ వినకుండా పెరిగిన పిల్లలు మా ఊళ్లో ఉండరు. హిరణ్యకశిపుడు కోరుకున్న వరాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేల మీద గాని నింగిలో గాని, మనిషి వల్ల గాని మృగం వల్ల గాని తనకు చావు రాకూడదన్నాడు. ఆ షరతులన్నీ మనం ముందే విన్నాం కనుకనే, సంధ్యవేళ, గడప మీద, తొడల మీద వేసుకుని నరసింహుడు వాణ్ణి చీల్చినప్పుడు ఒక్కొక్క షరతూ ఎలా దాటిపోయిందో పసివాడు కూడా వేళ్ల మీద లెక్కపెట్టి సంబరపడతాడు. వరంలోని షరతులే కథను నడుపుతాయి.

ఈ ధారావాహికలో కోరికలు మూడే అన్న మాట ఒక్కటే నిలకడగా ఉంది. జీనీకి ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో చివరిదాకా తేలదు. కథ ఇరుక్కున్నప్పుడల్లా ఒక కొత్త శక్తి పుట్టుకొస్తుంది, లేదా పైనుంచి ఒక కొత్త పాత్ర దిగుతుంది. ఇదే రచయిత్రి 2016లో రాసిన "గోబ్లిన్" చూసినవారికి ఈ తేడా మరీ బాధ కలిగిస్తుంది. అందులో నాయకుని గుండెల్లో ఒక కత్తి దిగబడి ఉంటుంది. దాన్ని చూడగలిగేది, లాగగలిగేది అతనికి కాబోయే పెళ్లికూతురు ఒక్కతే. ఆమె లాగితే అతని అమరత్వం ముగిసిపోతుంది. ఆమె దగ్గరయ్యేకొద్దీ అతనికి చావు కూడా దగ్గరవుతుంది. 16 భాగాల భారాన్ని ఆ ఒక్క షరతే మోసింది.

గోంగూర_గోల
మిరియం గారూ, మీ పానకాలస్వామి బిందెలో సగమే తాగి మిగిలిన సగం భక్తులకు వదిలిపెడతాడు. ఈ జీనీ గారు 13 భాగాల పానకం తానే తాగేసి మనకు ఖాళీ బిందె చేతికిచ్చాడు.

కృష్ణలంక_కిటికీ
మిరియం గారి వాదన పురాణానికి సరిపోతుంది గాని, ప్రేమతో కూడిన హాస్యకథకు సరిపోదని నా అభిప్రాయం. ఇటువంటి కథలో ప్రేక్షకులు మహిమ లెక్కలు చూసుకోరు. ఇద్దరి మధ్య ఎవరు ఎంత మారారన్నది చూసుకుంటారు. ఆ మార్పు నమ్మదగినదిగా ఉంటే, నియమాలు కాస్త అటూ ఇటూ అయినా మనమే సర్దుకుపోతాం. ఇక్కడి అసలు చిక్కు కథాబీజంలోనే ఉంది. నాయికకు ప్రేమ, జాలి, భయం ఏవీ కలగవు. జీనీ మనుషులంటే అసహ్యించుకునేవాడు, వాళ్లు ఎంత చెడ్డవారో వాళ్ల కోరికలే రుజువు చేస్తాయని పట్టుబట్టేవాడు. అతను మారడానికి దారి ఉంది, ఆమెకు లేదు. అందుచేత ప్రేమంతా ఒకవైపే నడిచి, రెండోవైపు తలుపు మూసి ఉన్న ఇంటి ముందు నిలబడినట్టు మనమూ నిలబడవలసి వచ్చింది.

అయితే ఆ మూసిన తలుపు వెనుక ఒక దీపం వెలుగుతున్నదని చూపిన పాత్ర ఒకటి ఉంది, అది అమ్మమ్మ. మనవరాలిలో లేని మనస్సాక్షికి బదులుగా ఆ ముసలమ్మ కొన్ని నియమాలను ఏళ్ల తరబడి అలవాటు చేసింది. మనవరాలు కూడా ఆమెకిచ్చిన మాట కోసమే మంచిగా నడుచుకుంటుంది. ప్రేమ కలగకపోయినా ప్రేమించినవారిలా ప్రవర్తించడం సాధ్యమేనా అన్న ప్రశ్న అక్కడ నిజంగా ఉంది. ఆ అమ్మమ్మ కోరిక కోరి మళ్లీ యువతిగా మారి తిరిగిన సన్నివేశాలే నాకు ఈ మొత్తంలో నచ్చినవి.

హాస్టల్_ఆదివారం
సుజీ నటన రాయిలా ఉందని చాలామంది తిట్టారు. అది కావాలని చేసిన నటన అని వారికి తోచకపోవడమే నాకు ఆశ్చర్యం. భయంకరమైన మాటను ముఖంలో గీత కూడా కదలకుండా చెప్పడం, ఎదుట ఉన్న జీనీ దానికి పొంగిపోయి, కోపగించి, అలిగి గంతులు వేయడం: ఈ రెండూ పక్కపక్కన ఉండటమే అక్కడి హాస్యం. మా గదిలో నలుగురమూ మొదటి భాగానికి బాగా నవ్వాం. ఆ తరువాత నవ్వకపోవడానికి కారణం నటి కాదు. అదే చమత్కారాన్ని రంగులు మార్చి మళ్లీ మళ్లీ వడ్డించడం.

లబ్బీపేట_లాంతరు
ఆదివారం గారి మాటలో రెండో సగంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మా ఇంట్లో కూడా మొదటి భాగం తరువాత మా అమ్మ "ఈ అబ్బాయి బాగా అల్లరివాడే" అని ముచ్చటపడింది. నడిమి భాగాలకు వచ్చేసరికి ఆవిడే "ఈ అబ్బాయి ఇంకా అరుస్తూనే ఉన్నాడా?" అని అడిగి లేచి వెళ్లి పప్పు తాలింపు వేసుకుంది.

ఆటోనగర్_స్పానర్
నా ఫిర్యాదు వేరు, అది ఎవరూ పట్టించుకోలేదు. నాయికకు సొంత వాహనాల మరమ్మతు షెడ్డు ఉంది. ఆ మాట వినగానే నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టేవారి మధ్య, ఇంజన్లు విప్పేవారి మధ్య పెరిగినవాణ్ణి నేను. షెడ్డును ఒక ఆడపిల్ల సొంతంగా నడపడమన్నదే పెద్ద కథ. పైగా ఏ భావమూ లేని మనిషి మెకానిక్ అయితే ఎంత వినోదం పుట్టాలి! అంచనా చెప్పగానే "చెల్లెమ్మా, కొంచెం చూసి వేయమ్మా" అని బతిమాలే యజమాని ముందు ఆమె మొహం ఎలా ఉంటుంది? కంప్లైంటు ఒకటి చెప్పి ఇంకొకటి దాచిపెట్టే డ్రైవరును ఆమె ఎలా పట్టుకుంటుంది? వెయ్యేళ్లుగా దీపంలో పడుకున్న జీనీ జాకీ మీద లేచిన కారును చూసి ఏమనుకుంటాడు? వీటిలో ఏ ఒక్కదాన్నీ వాడుకోలేదు. షెడ్డు కేవలం వెనుక కనిపించే తెరలా మిగిలింది. గోళ్లలో గ్రీజు లేని మెకానిక్ ప్రేమకథను నేను నమ్మను.

గోంగూర_గోల
స్పానర్ గారూ, జీనీ ఉన్న ఇంట్లో గ్రీజు వదలడం కూడా ఒక కోరికగా లెక్క వేస్తారేమో అని ఆవిడ ముందు జాగ్రత్త పడి ఉంటుంది.

నాజ్_సెంటర్_చాయ్
ఇక్కడివారు ఇంకా తాకని సంగతి ఒకటి ఉంది, అది ఆ జీనీకి పెట్టిన పేరు. ఇబ్లీస్ అంటే అల్లాదీను కథల్లోని దీపపు భూతం కాదు. ఖురాన్‌లో, ఆదముకు మోకరిల్లమన్న ఆజ్ఞను "నేను అగ్నితో పుట్టినవాణ్ణి, అతను మట్టితో పుట్టినవాడు" అని తిరస్కరించి, వెలివేయబడి, ప్రళయదినం దాకా గడువు అడిగి మనుషులను దారి తప్పించడానికి పూనుకున్నవాడు ఇబ్లీస్. ఆ పేరును ఒక అందమైన ప్రేమికుడికి తగిలించడం మా ఇంట్లో పెద్దవారికి నచ్చలేదు. చాలా దేశాల్లో ముస్లిం ప్రేక్షకులు కూడా దీని మీద అభ్యంతరం చెప్పారు.

మతాన్ని కాసేపు పక్కన పెట్టి, కథాశిల్పం వైపు నుంచే చూద్దాం. మట్టికి తలవంచనన్న అహంకారి చివరకు ఒక మట్టిబొమ్మ కోసం తనంతట తాను తలవంచడం ఎంత లోతైన ఇతివృత్తం! రచయిత్రికి ఆ సంగతి తెలుసు; మనుషులకు మోకరిల్లనన్న పట్టుదలను కథలో పెట్టారు కూడా. కాని ఆ పక్కనే మూడు కోరికల దీపాన్ని తెచ్చి పెట్టడంతో రెండు వేరు వేరు సంప్రదాయాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. అన్నట్టు, అల్లాదీను కథ వెయ్యిన్నొక్క రాత్రుల పాత అరబీ ప్రతుల్లో లేదు. సిరియాకు చెందిన హన్నా దియాబ్ 1709లో చెప్పగా విని, ఆంత్వాన్ గలాన్ తన ఫ్రెంచి సంపుటంలో చేర్చాడు. ఆ కథలో కోరికలకు మూడు అన్న హద్దు కూడా లేదు. దీపం ఒకచోటిది, హద్దు మరొకచోటిది, పేరు ఇంకొకచోటిది. అతికిన చోట్లు కనబడుతూనే ఉన్నాయి.

పానకాల_మిరియం
చాయ్ గారు చెప్పిన దానితో నా వాదనకే బలం చేకూరింది. హద్దు అన్నది కథ లోపలి నుంచి పుట్టాలి. ఎక్కడి నుంచో తెచ్చి అంటిస్తే దానికి పట్టు ఉండదు. మట్టికి మోకరిల్లకూడదన్నదే ఆ జీనీకి ఏకైక షరతుగా పెట్టి, మోకరిల్లిన రోజున ఏమవుతుందో మొదటి భాగంలోనే ప్రేక్షకుల చెవిన వేసి ఉంటే, మూడు కోరికల లెక్క లేకుండానే కథ నడిచేది.

కృష్ణలంక_కిటికీ
నడిచేది కాని నవ్వించేదా అన్నది నా సందేహం. మిరియం గారు మళ్లీ పురాణం రాస్తున్నారు.

అలంకార్_మెట్లు
నవ్వించేది. మహిమకు కట్టుబాటు ఉంటే హాస్యం దానంతట అదే వస్తుందనడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. 1990 మే 9న, కోస్తాను తుఫాను ముంచెత్తుతున్న రోజునే "జగదేకవీరుడు అతిలోకసుందరి" విడుదలైంది. నేను అప్పటి కుర్రవాణ్ణి. మోకాలిలోతు నీళ్లలో హాలుకు నడిచి వచ్చినవారు టికెట్ల కోసం తడుస్తూ నిలబడటం కళ్లారా చూశాను. ఆ కథకు ఆధారం ఒక్క ఉంగరం. అది లేకపోతే ఇంద్రుని కూతురికి స్వర్గప్రవేశం లేదు, అది ఒక మామూలు మనిషి వేలికి ఉంది. ఈ రెండు ముక్కలూ తెలిసిన ప్రేక్షకుడికి ఆ తరువాత ఆమె వంటింట్లో ఏం చేసినా, వీధిలో ఎలా నడిచినా నవ్వు వస్తుంది. ఎందుకంటే ఆమె మనసులో ఉన్నది ఉంగరమని మనకు తెలుసు, పక్కనున్నవారికి తెలియదు. అదే ఉంగరం చివరకు ప్రేమకు పరీక్ష అవుతుంది. 35 ఏళ్ల తరువాత, 2025 మే 9న దాన్ని మళ్లీ విడుదల చేస్తే మా అబ్బాయి వయసువారు కూడా వెళ్లి చూశారు.

ఈ జీనీ కథలో మనకు తెలిసి నాయికకు తెలియనిది, నాయికకు తెలిసి జీనీకి తెలియనిది ఏముంది? పూర్వజన్మలో అతను దీపంలో బందీ కావడానికి ఆమే కారణమన్న సంగతిని తగినంతగా వాడుకోలేదు. దాన్ని రహస్యంగా దాచి ఆలస్యంగా ముడి విప్పారు. మనకు ముందే పూర్తిగా చెప్పి ఆమెకు చెప్పకుండా ఉంచి ఉంటే, ప్రతి సన్నివేశమూ ఒకేసారి నవ్వూ దిగులూ పుట్టించేది.

హాస్టల్_ఆదివారం
మెట్లు గారూ, మీ తరం ప్రతి చర్చనూ ఆ సినిమా దగ్గరికే తీసుకువెళుతుందని మా నాన్నగారిని చూసి నాకు ముందే తెలుసు. అయినా మీరు చెప్పిన రెండో పేరా మాత్రం నేను దాచుకుంటున్నాను.

కాలువగట్టు_పాఠకుడు
ఇన్ని కారణాలు వెతుకుతున్నారు, ఒక బయటి కారణాన్ని మరిచిపోతున్నారు. ఈ ధారావాహికకు మొదట దర్శకత్వం వహించినవారు ఇ బ్యోంగ్‌హోన్. 2019లో కొరియాలో 1 కోటి 60 లక్షలకు పైగా టికెట్లు తెగిన "ఎక్స్‌ట్రీమ్ జాబ్" అనే హాస్య చిత్రం ఆయనదే. చిత్రీకరణ నడుస్తుండగా ఆయన తప్పుకున్నారు, ఆ స్థానంలోకి ఆన్ గిల్‌హో వచ్చారు. ఈయన ఇదే రచయిత్రితో "ద గ్లోరీ" అనే ప్రతీకార కథను తీసినవారు. ఒకరి బలం మాటల వేగం, మరొకరి బలం నిశ్శబ్దంలో ఉద్రిక్తత. సగం పెళ్లిభోజనం ఒక వంటవారు వండి, మిగతా సగం మరొకరి చేతికి అప్పగిస్తే రుచి కలుస్తుందా?

కృష్ణలంక_కిటికీ
పాఠకుడు గారూ, ఏ సన్నివేశం ఎవరు తీశారో తెర మీద రాసి లేదు గదా. అతుకులు కనబడినందుకు దర్శకుల మార్పును కారణంగా చూపడం సులువే. నాకు మాత్రం తడబాటు రాతలోనే కనబడింది. అమ్మమ్మ సన్నివేశాలు మొదలైన చోటల్లా కెమెరా, సంభాషణ, నటన అన్నీ ఒక్కసారిగా కుదురుకున్నాయి. రచయిత్రికి చెప్పాలని ఉన్నది ఏదో, చెప్పవలసి వచ్చి చెప్పింది ఏదో ఆ తేడా వల్లనే తెలిసిపోతుంది.

గోంగూర_గోల
జీనీ వెంట మనిషి రూపంలో తిరిగే ఆ జాగ్వార్‌ను ఎవరూ తలుచుకోలేదని నాకు బాధగా ఉంది. ఒక క్రూరమృగాన్ని అంత నిరపాయంగా చూపిన కథ మరొకటి ఉండదు. మా వీధి పిల్లికి అంతకంటే ఎక్కువ పౌరుషం ఉంది.

అలంకార్_మెట్లు
మృత్యుదూత పాత్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. చావుతో నవ్వించడం మనకు కొత్త కాదు. 1977 నాటి "యమగోల"లో రామారావు గారు యమలోకానికి వెళ్లి భటుల చేత సమ్మె చేయిస్తారు. యముడికి ఒక కార్యాలయం, చిట్టాలు, చిత్రగుప్తుని పొరపాట్లు, కింది ఉద్యోగుల అసంతృప్తి ఉన్నాయి కనుక, ఆ లోకం మన తాలూకా కచేరీకి దగ్గరగా వచ్చి నవ్వు పుట్టింది. ఇక్కడి మృత్యుదూతకు నల్లని దుస్తులు, తీక్షణమైన చూపు, జీనీతో పాత పగ మాత్రమే ఇచ్చారు. రోజువారీ పని ఏమిటో తెలియని దేవదూత వల్ల హాస్యమూ పుట్టదు, భయమూ కలగదు.

నాజ్_సెంటర్_చాయ్
ఊళ్లోవారికి కోరికలిచ్చి పరీక్షించే పందెం విషయంలోనూ ఇదే జరిగింది. కోరికలు అడిగిన మనుషులు మనకు అప్పటికి పరిచయం కాలేదు. కుటుంబం తెలియదు, అప్పు తెలియదు, పక్కింటివారితో తగాదా తెలియదు. అటువంటప్పుడు ఒకరు మంచి కోరిక కోరినా చెడ్డ కోరిక కోరినా మనకు ఆశ్చర్యం కలగదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక్క ఉదయం కూర్చుంటే కోరికల గురించి ఇంతకంటే మంచి కథలు వినవచ్చు: ధర పెరిగేదాకా సరుకు శీతల గిడ్డంగిలో ఉంచాలా, కూతురి పెళ్లికి ఈ రోజే అమ్మేయాలా అని తేల్చుకోలేని రైతుకు జీనీ ఎదురైతే ఏమి అడుగుతాడో ఆలోచించండి.

ఆటోనగర్_స్పానర్
ధర అడగడు. తాను అమ్మిన మరునాడు ధర పెరగకూడదని అడుగుతాడు.

గోంగూర_గోల
స్పానర్ గారి ఈ ఒక్క వాక్యంలో ఉన్న హాస్యం ఆ ధారావాహికలో ఎక్కడా నాకు దొరకలేదు.

లబ్బీపేట_లాంతరు
ఇక ముగింపు సంగతి. నాయిక తన మూడో కోరికగా, మిగిలిన మనుషులలాగా తనకూ భావాలు కలగాలని కోరుకుంటుంది. అది కొద్దిసేపటికే. అప్పుడు అమ్మమ్మ లేని లోటు ఒక్కసారిగా ఆమె మీద పడి, ఇన్నేళ్లుగా లోపలికి రాని దుఃఖమంతా బయటికి వస్తుంది. సుజీ అక్కడ అద్భుతంగా నటించిందని ఒప్పుకోవలసిందే. నా ఆక్షేపణ ఏమిటంటే, ఆ సన్నివేశం రావలసిన చోటు చివర కాదు, నడుమ. నడుమ భాగంలోనే ఆమెకు భావాలు వచ్చి ఉంటే, ఆ తరువాత మొదటి కోపం, మొదటి సిగ్గు, మొదటి అసూయ ఎలా ఉంటాయో తెలియక ఆమె పడే తిప్పలే గొప్ప హాస్యమయ్యేవి. కిటికీ గారు చెప్పిన మూసిన తలుపు కూడా తెరుచుకునేది. ఆ వరుసను వదిలి, దుఃఖాన్ని చివరికి దాచి, ఆమెను చంపి, మళ్లీ జీనీగా లేపి, ఇద్దరినీ కలపడంతో చావుకు కూడా బరువు లేకుండా పోయింది.

హాస్టల్_ఆదివారం
ఈ ఒక్క విషయంలో నేను ఎదురుచెప్పక తప్పదు. నడుమనే భావాలు ఇచ్చేస్తే అది పదిమంది తీసిన కథే అవుతుంది. మొండిరాయి లాంటి పిల్ల మెత్తబడటం మనం ఎన్నిసార్లు చూడలేదు? చివరి వరకూ ఆమె మారకుండానే ఉండి, తెలిసి తెలిసి ఆ బాధనే కోరుకోవడంలో ఒక తెగువ ఉంది. హాయిగా ఉండగలిగిన మనిషి ఏడవడం కోసం కోరిక ఖర్చు పెట్టింది. ఆ ఆలోచన నాకు నచ్చింది. ఆ తరువాత వచ్చిన పునర్జన్మల హడావుడి లేకుండా అక్కడే ముగించి ఉంటే ఈ చర్చ మరోలా ఉండేది.

పానకాల_మిరియం
చనిపోయినవారిని తిరిగి లేపే వీలు ఉందో లేదో ముందే చెప్పి ఉంటే, ఆదివారం గారూ, ఆ తెగువకు మీరన్న విలువ దక్కేది. చావు శాశ్వతమా కాదా అన్నది తెలియనప్పుడు త్యాగాన్ని ఎలా తూచాలి? నా మాట ఇప్పటికీ అదే.

కాలువగట్టు_పాఠకుడు
మిరియం గారు ఈ జన్మకు ఆ షరతును వదలరు.

బ్రాడీపేట_అడ్డరోడ్డు
మీరందరూ తిట్టిన తీరు చూశాక నాకు అమ్మమ్మ కథ మాత్రం చూడాలనిపిస్తున్నది. మిగిలినది దాటేసి అదొక్కటీ చూడటం వీలవుతుందా?

కృష్ణలంక_కిటికీ
వీలవుతుంది. ఆవిడ యువతిగా మారిన దగ్గర నుంచి మొదలుపెట్టండి. దుబాయి ఎడారి కనిపించినప్పుడల్లా ముందుకు జరిపేయండి, కథ ఏమీ తప్పిపోదు. ఆఖరి భాగంలో సుజీ ఏడ్చే సన్నివేశం మాత్రం వదలకండి. అది అయిన వెంటనే ఆపేయండి.

ఆటోనగర్_స్పానర్
షెడ్డు కనిపించినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆపి, ఆమె గోళ్లు చూసి ఇక్కడ రాయండి.